లేజర్ రేంజ్‌ఫైండర్ వేటకా, పోడు కొలతకా?

సనత్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నోళ్లం, ఒక మాట చెప్పాలనుకుంటున్నాం.

వీడియోలు చూసి కొందరు తమ్ముళ్లు వేటకు లేజర్ రేంజ్‌ఫైండర్ కొందామంటున్నారు. తాతలు కంటిచూపుతోనే దూరం కట్టి బాణం వేసేవాళ్లు, నిజమే. కానీ 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. మనకోసం వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటను హక్కుగా ఒప్పుకోలేదు. ఒక్క కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ ఆగిపోతయి.

అదే పరికరం పోడుకు పనికొస్తది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లు మించకుండా, ఆ చట్టం హక్కు ఇస్తది. సర్వేలో ఎంత రాశారో మనం సరిచూసుకోవద్దా?

ఊరికొకటి కలిసి కొందాం. డబ్బా మీది దూరం బాగా మెరిసే వస్తువుకు లెక్క. చెట్టుకు, మంచులో అంత రాదు. వాలు కోణం లెక్కకట్టేదే తీసుకోవాలి. 30 డిగ్రీల వాలులో 100 మీటర్లు కొలిస్తే, పటం మీద 86.6 మీటర్లే.

మన కొలత పట్టా తేదు. గ్రామసభలో అంకె చూపి అడిగే బలం మాత్రం ఇస్తది. మీరేమంటారు?