దమ్ము బీమారి ఉండెనని రాస్తే...

పాతబస్తీలో ఛత్రినాక వైపు ఒక బస్తీ సమావేశం ముగిశాక అందరూ వెళ్లిపోయినా ఒక తల్లి, కూతురు ఆగిపోయారు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఆర్మీలో మిలిటరీ పోలీసు విభాగానికి అగ్నివీర్‌గా దరఖాస్తు పెట్టుకోవాలని ఆమె కోరిక. తెల్లవారకముందే లేచి పరుగు నేర్చుకుంటోంది. 1.6 కిలోమీటర్లు ఏడున్నర నిమిషాల లోపే పూర్తి చేస్తోంది. చిక్కల్లా ఒక్కటే. చిన్నప్పుడు ఆమెకు ఉబ్బసం ఉండేది. పదకొండో ఏడు దాకా ఇన్‌హేలర్ వాడింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. "అది కూడా రాయాల్నా అక్కా?" అని అడిగింది. మేము జవాబు చెప్పేలోపే తల్లి అందుకుంది: "దమ్ము బీమారి ఉండెనని ఏడ రాయకు బిడ్డా. రేపు సంబంధాలు సుత రావు."

తల్లి భయం సైన్యం గురించి కాదని గమనించండి. ఆడపిల్ల జబ్బును దాచడం మన ఇళ్లలో సైన్యం కంటే ముందే మొదలవుతుంది. అబ్బాయికి ఆయాసం వస్తే డాక్టరు, అమ్మాయికి వస్తే గుట్టు. లాడ్‌బజార్‌లో అమ్ముడుపోయే లక్క గాజులు చాలావరకు ఇరుకిళ్లలో, బొగ్గు కుంపటి మీద లక్క కరిగించి చేసేవే. ఆ పొగ మధ్యే పిల్లలు పెరుగుతారు. దగ్గు వస్తే చలిదగ్గు అంటారు. పిల్లికూతలు వినిపిస్తే కఫం అంటారు. ఉబ్బసం అనే మాట కాగితం మీదికి రాదు.

చేప ప్రసాదం సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం పుట్టింది ఈ పాతబస్తీ దూద్‌బౌలిలోనే. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో పంచుతున్నారు. కొర్రమీను పిల్లను మింగించడానికి వేలమంది బహిరంగంగా వరసలో నిలబడతారు. దాంతో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. కానీ ఆ వరసకు రికార్డు ఉండదు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ చీటీకి ఉంటుంది. ఇన్‌హేలర్ వాడి జబ్బును అదుపులోకి తెచ్చుకున్న పిల్ల పేరే జబ్బుదిగా మిగులుతుంది. సరైన వైద్యం చేయించుకోవడమే తప్పయినట్టు!

సైన్యం వైద్య ప్రమాణాల్లో ఉబ్బసం, పదేపదే పిల్లికూతలు వచ్చిన చరిత్ర అనర్హతకు కారణాలు. ఈ నియమం అర్థం లేనిదని మేము అనడం లేదు. చల్లటి పొడిగాలి, దుమ్ము, తీవ్రమైన శ్రమ ఉబ్బసాన్ని రేపుతాయి. ఆస్పత్రి లేని మంచుకొండ మీద ఒక జవానుకు ఊపిరి ఆడకపోతే ప్రమాదం ఆ ఒక్కరితో ఆగదు. ఈ మాట ఒప్పుకునే మాట్లాడాలి.

అయితే "ఇప్పుడు నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?" అన్న ప్రశ్న వేరు, "ఎప్పుడైనా వచ్చిందా?" అన్న ప్రశ్న వేరు. ఉబ్బసం విడతలు విడతలుగా వచ్చే జబ్బు. రెండు విడతల మధ్య స్టెతస్కోపు పెడితే ఏమీ వినిపించకపోవచ్చు. కాబట్టి ఇప్పటికీ జబ్బు ఉండి నోరు మూసుకున్న మనిషి లోపలికి వెళ్లే అవకాశం ఉంది. ఏడేళ్ల కింద తగ్గిపోయిందని నిజం చెప్పిన మనిషి బయట ఉండిపోతుంది. ఇందులో సైన్యానికి మాత్రం ఏం భద్రత ఉంది? అమెరికా సైన్యంలో పదమూడో పుట్టినరోజు తర్వాత కూడా ఉబ్బసం ఉంటేనే అనర్హత. అలాంటి వారికి కూడా మినహాయింపు అడిగే దారి ఉంది. చిన్ననాటి ఉబ్బసం చాలామందిలో ఎదిగే వయసులో తగ్గుతుంది కనుక వయసు గీత గీయడంలో అర్థముంది.

వైద్య ప్రమాణాలు అందరికీ ఒకటే, ఇందులో స్త్రీలకు జరిగే ప్రత్యేక అన్యాయమేముంది అని కొందరు అడుగుతారు. 2021 మార్చి 25న నితీశ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూడమంటాను. పురుష అధికారులకు ఐదో ఏడో, పదో ఏడో సర్వీసులో ఉండగా వర్తింపజేసిన ఆరోగ్య ప్రమాణాన్ని, కోర్టుకెక్కి ఏళ్ల తరబడి ఎదురుచూసిన స్త్రీలకు నడివయసులో వర్తింపజేశారు. ప్రమాణం తప్పని కోర్టు అనలేదు. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎలా వర్తింపజేశారన్నది చూసి అది వివక్షే అంది. అందరికీ ఒకటే అన్న నియమం కింద కూడా అసమానత దాగి ఉండవచ్చని తేలింది. పొయ్యి దగ్గర పొగ పీల్చేదీ, జబ్బు పేరు బయటికి చెప్పుకోలేనిదీ ఎక్కువగా ఆడపిల్లే అయినప్పుడు ఈ ప్రశ్న ఉబ్బసం విషయంలోనూ వేయాల్సిందే.

స్త్రీల పత్రికకు తుపాకుల ఉద్యోగాల గొడవ ఎందుకని మనలోనే కొందరికి అనిపించవచ్చు. యుద్ధాల పట్ల నాకున్న వ్యతిరేకత నాకుంది. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపే అగ్నిపథ్ పట్ల అంతకంటే ఎక్కువే ఉంది. కానీ జవాన్ల స్థాయిలో స్త్రీలకు ఆర్మీ మిలిటరీ పోలీసు తలుపు తెరుచుకున్నదే 2019లో. 83 మందితో మొదటి జట్టు శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది 2021 మేలో. ఆ తలుపు దాకా నడిచివచ్చిన బస్తీ పిల్లకు మన అభిప్రాయాలు చెప్పి వెనక్కి పంపడం న్యాయం కాదు.

మనం అడగాల్సింది పెద్దదేమీ కాదు. ఏ వయసు తర్వాత వచ్చిన ఉబ్బసాన్ని లెక్కలోకి తీసుకుంటారో స్పష్టంగా రాయాలి. చరిత్ర ఉన్నదని చెప్పినవారికి స్పైరోమెట్రీ చేసి, అవసరమైతే పరుగు తర్వాత మళ్లీ చేసి తేల్చాలి. పనికిరారన్నప్పుడు కారణం వారికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అన్‌ఫిట్ అన్నవారు మళ్లీ పరీక్ష కోరే వీలు ఇప్పటికే ఉంది. గడువు తక్కువ, తెలిసినవారు ఇంకా తక్కువ. బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు ముందుగా ఈ సంగతి చేరవేయాలి.

ఆ అమ్మాయికి నిజమే రాయమని చెప్పాం. చెప్పడం తేలిక కాలేదు. దాచి చేరితే, రేపు శిక్షణలో ఊపిరి అందక పడిపోతే, దాచావన్న నింద కూడా ఆమె మీదే పడుతుంది. ఇంటికి పంపేస్తే అడిగే దిక్కుండదు. ముందు స్పైరోమెట్రీ చేయించాం. ఊదింది. ఫలితం మామూలుగానే ఉంది. తల్లి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, "ఇది పెండ్లివాళ్లకు చూపెట్టొచ్చా?" అని అడిగింది. కూతురు మాత్రం దాన్ని దరఖాస్తు కాగితాలతో కలిపి పెట్టుకుంది.