డబ్బాపై ‘4కే’ చూసి కొంటే సరిపోదు

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలి మరమగ్గాల ప్రాంతం. తెలంగాణ జిల్లాల నుంచి నేత పని కోసం సూరత్ చేరిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబం అమ్రోలిలో ఒక గది ఇంట్లో ఉంటోందనుకుందాం. గోడకు 32 అంగుళాల పాత టీవీ. సెలవు దొరికిన రోజు ఇంటిల్లిపాదీ కలిసి ఒక తెలుగు సినిమా చూడాలి. పాత టీవీకి ఇంటర్నెట్ సదుపాయం లేదు కాబట్టి హెచ్‌డీఎంఐ తీగతో తగిలించే స్ట్రీమింగ్ బాక్సు కొనాలి. ఒక పక్క పేరున్న సంస్థల బాక్సులు, మరో పక్క వాటికంటే చవకగా, ఊరూ పేరూ లేనివి. చవక డబ్బాపైనే ‘4కే’ అన్న అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. ఏది కొనాలి?

ముందుగా ఆ 4కే సంగతి చూద్దాం. చక్కని చూపున్న కన్ను కూడా డిగ్రీలో 60వ వంతు కంటే తక్కువ కోణంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించలేదు. ఆరడుగుల దూరంలో ఈ హద్దు సుమారు అర మిల్లీమీటరు. 32 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఆ వెడల్పున 1,920 చుక్కలుంటాయి కాబట్టి ఒక్కో చుక్క 0.37 మిల్లీమీటర్లు. అంటే ఫుల్ హెచ్‌డీయే కంటి హద్దును దాటేసింది. 4కే కోసం పెట్టే అదనపు ఖర్చు ఆ గదిలో ఎవరి కంటికీ కనిపించదు.

అసలు ఆ స్పష్టత తెర దాకా వస్తుందా అన్నది రెండో ప్రశ్న. సినిమాలు కాపీ కాకుండా స్ట్రీమింగ్ సేవలు వాటిని తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ తాళం తీసే పని ‘వైడ్‌వైన్’ అనే వ్యవస్థది. అందులో ఎల్1 స్థాయి ధ్రువీకరణ లేని బాక్సుకు ప్రధాన సేవలు సాధారణంగా 480 గీతల నాణ్యతే ఇస్తాయి. డబ్బాపై 4కే అని ఉన్నా, తెరపైకి వచ్చేది మసక బొమ్మే.

మూడోది డేటా. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున రెండున్నర గంటల సినిమా చూస్తే సుమారు 5.6 జీబీ ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో, రోజుకు రెండు జీబీ ప్యాకేజీతో నెట్టుకొచ్చే ఇంటికి ఇది పెద్ద భారం. 2003 నాటి హెచ్.264 పద్ధతితో పోలిస్తే 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ దాదాపు సగం డేటాతోనే అదే నాణ్యత ఇస్తుంది. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా పొదుపరి. అయితే ఈ కొత్త పద్ధతులను విప్పే డీకోడర్ బాక్సు చిప్‌లోనే ఉండాలి. లేకపోతే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది, లేదా పాత పద్ధతిలోనే ఎక్కువ డేటా మింగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది భద్రత. ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అనే హానికర సాఫ్ట్‌వేర్ గురించి 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. అది సోకిన లక్షలాది పరికరాల్లో స్ట్రీమింగ్ బాక్సులూ ఉన్నాయి. కొన్నింటిలో కొనకముందే ఆ సాఫ్ట్‌వేర్ చేరిపోయింది. అలాంటి బాక్సు ఇంట్లో సినిమా చూపిస్తూనే, ఆ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను నేరగాళ్లకు దారిగా మారుస్తుంది. అదే కనెక్షన్ మీద ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ నుంచి డబ్బులూ పంపుతారు.

‘చవకగా వచ్చింది, నాలుగు సినిమాలు చూస్తే చాలు’ అనే మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో వెయ్యి రూపాయల తేడా చిన్నది కాదు. అందుకే తప్పు కొనేవారిది కాదు, తెలుసుకునే వీలు ఇవ్వని డబ్బాది. ఫ్రిజ్‌పై నక్షత్రాల గుర్తు చూసి అది ఎంత కరెంటు కాలుస్తుందో ఎవరైనా చెప్పగలరు. స్ట్రీమింగ్ బాక్సుపై కూడా మూడు విషయాలు తప్పనిసరిగా ముద్రించేలా ప్రభుత్వం నిబంధన తేవాలి: నిజంగా అందే గరిష్ఠ నాణ్యత, విప్పగల వీడియో పద్ధతులు, భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు వస్తాయన్నది.

వలస కుటుంబాలకు నాలుగో ప్రశ్న కూడా ఉంది. ఊరు మారితే బాక్సు పనిచేస్తుందా? 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి ఇవ్వజూపి ఎన్నో ఇళ్లకు బాక్సులు చేర్చింది. కానీ ఆ బాక్సు ఆ నెట్‌వర్క్‌తోనే పనిచేస్తుంది. కేబుల్, డీటీహెచ్ బాక్సులదీ ఇదే తీరు. సంస్థ మారినా బాక్సు మార్చక్కర్లేని విధానం ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది. ఆ ఆలోచన అన్ని రకాల బాక్సులకూ వర్తించాలి.

నిబంధనలు వచ్చేదాకా అమ్రోలిలోని ఆ గదికి తగిన ఎంపిక ఇదే: ధ్రువీకరణ ఉన్న, హెచ్‌ఈవీసీని విప్పగల, అప్‌డేట్లు అందుకునే సాదా ఫుల్ హెచ్‌డీ బాక్సు. ‘అన్ని సినిమాలూ ఉచితం’ అనే డబ్బాను మాత్రం ఇంటికి తేకపోవడమే మంచిది.