జ్లీబ్‌లో బెడ్ చౌకే... మరి బతాకాలో అడ్రస్ ఉందా?

కువైట్‌లో కొత్తగా దిగినవాళ్లను మొదటి నెలలోనే పట్టుకునే ప్రశ్న: ఎక్కడ ఉండాలి? కంపెనీయే రూమ్ ఇస్తే ఆ గొడవ లేదు. జీతంతో పాటు రూమ్ డబ్బులని కొంత చేతిలో పెట్టి "మీరే చూసుకోండి" అంటేనే వెతుకులాట మొదలు. అప్పుడు ఊరి నుంచి ముందే వచ్చిన ఏ అన్నో, బావో ఫోన్‌లో చెప్పే మాట ఒకటే. "జ్లీబ్ వచ్చెయ్ రా, ఇక్కడంతా మనోళ్లే."

ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం కూడా చూద్దాం.

మనోళ్లు జ్లీబ్‌కే ఎందుకు పోతారు?

జ్లీబ్ అల్ షుయూఖ్ ఫర్వానియా గవర్నరేట్‌లో, ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఉంటుంది. అబ్బాసియా, హసావి అని మనం పిలుచుకునే చోట్లు ఇందులోవే. భారతీయులు, బంగ్లాదేశీలు, ఈజిప్టువాళ్లు కిక్కిరిసి ఉండే ప్రాంతం. బియ్యం, పప్పు, పచ్చళ్లు మన దేశపు కొట్లలోనే దొరుకుతాయి. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే మనిషి పక్క బెడ్ మీదే ఉంటాడు. పని పోతే ఇంకో పని సంగతి చెప్పేది కూడా ఆ రూమ్‌లోవాళ్లే. పరాయి దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఇక డబ్బు లెక్క. ఉదాహరణకు జీతం 120 దీనార్లు అనుకుందాం. జ్లీబ్‌లో నలుగురైదుగురితో కలిసి ఉంటే బెడ్‌కు 25 అనుకోండి. అదే సాల్మియాలోనో, సిటీలో మాలియా దగ్గరో అయితే 40 అనుకోండి. నెలకు 15 దీనార్లు తేడా, ఏడాదికి 180. దీనారు 270 రూపాయలు చొప్పున చూసుకుంటే 48,600 రూపాయలు. వీసా కోసం ఊళ్లో వడ్డీకి తెచ్చిన ఇంటికి ఇది పెద్ద ఊరట. అందుకే జ్లీబ్‌కు పోయేవాళ్లను తప్పు పట్టలేం.

కనిపించని ఖర్చు

జ్లీబ్ ఇబ్బందులు అక్కడున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుంతల రోడ్లు, పొంగే మురుగు, పార్కింగ్ గొడవలు, పోలీసు తనిఖీలు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏప్రిల్ నుంచి జూలై దాకా ప్రభుత్వం పూర్తిగా మూసేసిన ప్రాంతాలు రెండు: జ్లీబ్, మహబూల. రెండూ కార్మికులు ఇరుక్కుని బతికే చోట్లే. రోజు కూలీ మీద ఆధారపడ్డవాళ్లకు ఆ మూడు నెలలు ఎలా గడిచాయో వాళ్లకే తెలుసు.

అయితే ఇప్పుడు అసలు చిక్కు రోడ్డు మీద లేదు, బతాకా మీద ఉంది. సివిల్ ఐడీలో ఉన్న అడ్రస్, మనం నిజంగా పడుకునే చోటు ఒకటే అయి ఉండాలి. బిల్డింగ్ ఓనరు "వీళ్లు ఇక్కడ ఉండట్లేదు" అని చెప్పినా, బిల్డింగ్ కూల్చేసినా, సివిల్ ఐడీ జారీచేసే సంస్థ పాసీ ఆ అడ్రస్‌ను రికార్డుల్లోంచి తీసేస్తోంది. ఆ పేర్లను అధికారిక గెజిట్‌లో వేస్తారు. 30 రోజుల్లోగా కొత్త అడ్రస్ నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే మనిషికి 100 దీనార్ల దాకా జరిమానా పడొచ్చు.

గెజిట్ మనలో ఎవరు చదువుతారు? చిక్కంతా అక్కడే.

షేరింగ్ రూమ్‌లలో జరిగేది చూడండి. అగ్రిమెంటు ఒకరి పేరు మీద ఉంటుంది. మిగతావాళ్లు ఆయనకు డబ్బులిచ్చి పడుకుంటారు. వాళ్ల పేరు మీద కాగితమే ఉండదు కాబట్టి బతాకాలో పాత అడ్రస్ అలాగే ఉండిపోతుంది. ఇంకొందరు దళారికి డబ్బులిచ్చి ఎక్కడిదో అడ్రస్ వేయించుకుంటారు. దొరికితే దళారితో పాటు డబ్బిచ్చినవాడి మీదా కేసు రావచ్చు.

పై లెక్కలోకే మళ్లీ వెళ్దాం. నెలకు 15 దీనార్లు మిగిల్చుకునే మనిషికి 100 దీనార్ల జరిమానా పడితే, దాదాపు ఏడు నెలల పొదుపు ఒక్కరోజులో పోయినట్టే. కాబట్టి బెడ్ రేటు అడిగినప్పుడే "అడ్రస్ నా పేరు మీద వేయిస్తారా" అని కూడా అడగాలి. వేయించలేమంటే ఆ బెడ్ చౌక కాదు.

కంపెనీ రూమ్ అయితే భయం లేదా?

ఊళ్లో ఇంటివాళ్లు అలాగే అనుకుంటారు. "కంపెనీ రూమేలే, పర్వాలేదు" అని. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో తగలబడింది ఒక కంపెనీ తన కార్మికుల కోసం తీసుకున్న బిల్డింగే. అది జ్లీబ్‌లో కాదు, అహ్మదీ గవర్నరేట్‌లో సముద్రం వైపున్న ప్రాంతంలో ఉంది. చనిపోయిన భారతీయులు కనీసం 45 మంది. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు.

మంటలు కింది అంతస్తులో కాపలాదారు గది దగ్గర, కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో మొదలయ్యాయని దర్యాప్తులో తేలింది. ఎక్కువమంది కాలి చనిపోలేదు, నిద్రలో పొగకు ఊపిరాడక పోయారు. గదుల మధ్య అడ్డంగా కట్టినవి తేలిగ్గా అంటుకునే రకం. పైకి పరిగెత్తినవాళ్లకు డాబా తలుపు తాళం వేసి కనిపించింది.

అంటే ప్రాంతం పేరు చూసి ప్రాణానికి భరోసా ఉందనుకోలేం. అడ్డగోడ దేనితో కట్టారు, మెట్ల మీద గ్యాస్ సిలిండర్లు పెట్టారా, డాబా తాళం ఎవరి దగ్గర ఉంది: ఇవి ఏ ఏరియాలోనైనా చూసుకోవాల్సినవే. తాళం హారిస్ దగ్గరే ఉందంటే రాత్రిపూట అతను ఎక్కడ పడుకుంటాడో కూడా తెలిసుండాలి.

20 నంబరు వీసా మీద ఉన్న అక్కచెల్లెళ్ల సంగతి

ఈ లెక్కలన్నీ 18 నంబరు, అంటే కంపెనీ వీసా వాళ్లవి. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లు 20 నంబరు వీసా మీద ఉంటారు. వాళ్ల బస కఫీల్ ఇల్లే. బయట రూమ్ తీసుకునే దారి చట్టప్రకారం లేదు.

ఆ ఇంట్లో తిండి, బస ఖర్చు ఉండదు. జీతం మొత్తం మిగులుతుంది. కానీ తలుపు వెనకాల ఏం జరుగుతోందో చూసే కళ్లూ ఉండవు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు.

బాధ భరించలేక బయటికొచ్చి జ్లీబ్ రూమ్‌లలో ఉంటూ గంటల లెక్కన పనులు చేసుకునేవాళ్లు ఉన్నారు. డబ్బులు కాస్త ఎక్కువే వస్తాయి. కానీ కఫీల్ పారిపోయిందని కేసు పెట్టిన రోజు నుంచి ఆమెకు అకామా ఉన్నా లేనట్టే. తనిఖీలో దొరికితే నేరుగా డిపోర్టేషన్. ఇలాంటి ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే షెల్టర్ కూడా జ్లీబ్‌లోనే ఉంది. రూమ్‌కు పోయే ముందు ఆ గడపో, దయ్యాలోని మన ఎంబసీ గడపో తొక్కితే ఫిర్యాదు ముందుగా ఆమె పేరు మీద నమోదవుతుంది. కఫీల్ కేసు కంటే ముందు మన ఫిర్యాదు ఉండటానికి చాలా విలువ ఉంది.

ఇంటివాళ్లు ఫోన్‌లో అడగాల్సినవి

"తిన్నావా, డబ్బులు ఎప్పుడు పంపుతావు" అని ఎలాగూ అడుగుతాం. ఈసారి ఇంకో మూడు అడగండి. నువ్వు పడుకునే బిల్డింగ్ అడ్రసే బతాకాలో ఉందా? రాత్రి మంటలొస్తే ఎటు దిగుతావు? ప్రవాసీ భారతీయ బీమా పాలసీ కాగితం ఫోటో నాకు పంపావా? ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చేవాళ్లకు ఆ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే, ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఇంట్లో కాగితం లేక క్లెయిమ్ చేయలేకపోతే కట్టినా కట్టనట్టే.

కువైట్‌లో ఉన్నవాళ్లు ఈ శుక్రవారం చేయాల్సింది రెండే పనులు. ఫోన్‌లో సహెల్ యాప్ తెరిచి అడ్రస్ చూసుకోండి. తర్వాత మెట్లెక్కి డాబా తలుపు తోసి చూడండి. అడ్రస్ సరిగ్గా ఉండి, తలుపు తెరుచుకుంటే, ఆ రూమ్ జ్లీబ్‌లో ఉన్నా సరే, ఉండండి. రెండిట్లో ఏది తేడాగా ఉన్నా రూమ్‌మేట్లంతా కలిసి ఓనరును అడగండి. ఒక్కడే అడిగితే రూమ్ ఖాళీ చెయ్యమంటాడు, పదిమంది అడిగితే తాళం తీస్తాడు.