రైలు ప్రియుల నోట్‌బుక్కులూ విజ్ఞానమే

కాజీపేటలోనో, విజయవాడలోనో, గుంతకల్లులోనో ప్లాట్‌ఫాం చివరికంటా నడిచి వెళితే ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లు ఏ రైలూ ఎక్కరు. ఎవరినీ సాగనంపడానికీ రాలేదు. దూరంగా సిగ్నల్ పచ్చబడగానే ఫోన్ పైకెత్తుతారు. ఇంజన్ దాటిపోగానే దాని నంబరు, షెడ్డు పేరు, టైము చిన్న పుస్తకంలో రాసుకుంటారు. టీ అమ్మే మనిషికి వాళ్లు అలవాటే. కొత్తగా డ్యూటీకి వచ్చిన పోలీసుకు మాత్రం అనుమానం. "ఏం బాబూ, ఇక్కడేం పని?" అని అడిగితే వాళ్లు చెప్పే జవాబు ఎవరికీ నమ్మబుద్ధి కాదు: "రైళ్లు చూడ్డానికి వచ్చాం సార్."

ఇలాంటి వాళ్లు దేశమంతటా ఉన్నారు. ఊరికో చిన్న బృందం, నగరానికో క్లబ్బు. అమెరికాలో ఉన్న కొద్దిమంది భారతీయులు 1989లో మొదలుపెట్టిన ఐఆర్‌ఎఫ్‌సీఏ అనే భారతీయ రైల్వే అభిమానుల సంఘం వీటిలో పెద్దది. ఇంజన్ల తరగతులు, సిగ్నళ్లు, బ్రేకులు, గేజ్‌ల గురించి దాని సభ్యులు ఓపికగా పోగుచేసిన సమాచారం ఈ రోజుకీ ఇంజనీరింగ్ విద్యార్థులకు పనికొస్తోంది. అయినా బయటివాళ్లకు ఇదంతా పనిలేని పిచ్చిలాగే కనిపిస్తుంది. స్టాంపులు సేకరించేవాళ్లను, పక్షులను చూసేవాళ్లను కూడా ఒకప్పుడు అలాగే అనేవారు. పక్షులను చూసేవాళ్లు రాసిన లెక్కలు ఇప్పుడు శాస్త్రవేత్తల పరిశోధనలకు ఆధారాలవుతున్నాయి. రైళ్లను చూసేవాళ్ల పుస్తకాలకు ఆ గౌరవం ఇంకా దక్కలేదు. దక్కాలి. అదీ త్వరగా దక్కాలి.

అసలు వీళ్లు చేసే పనిలో విజ్ఞానం ఎంత ఉందో చూడాలి. పాత పట్టాలపై ప్రయాణిస్తూ కిటికీ పక్కన కూర్చుని రైలు వేగం కనిపెట్టడం రైలు ప్రియులకు పాత ఆట. మన బ్రాడ్‌గేజ్‌లో ఒక్కో పట్టా మామూలు పొడవు 13 మీటర్లు. పట్టాల అతుకు వచ్చినప్పుడల్లా చక్రాలు టకటకమంటాయి. 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే గంటకు సుమారు అన్ని కిలోమీటర్ల వేగం. అరవై అతుకులు దాటితే అరవై కిలోమీటర్లు. లెక్క సులువే: 13 మీటర్లను 3.6తో గుణిస్తే 46.8 వస్తుంది. ఇప్పుడు చాలా మార్గాల్లో పట్టాలను పొడవునా వెల్డింగ్ చేసేశారు కాబట్టి ఆ చప్పుడు పోయింది. అందుకే ఇప్పటి కుర్రాళ్లు విద్యుత్ తీగల స్తంభాలపై ఉండే కిలోమీటరు నంబర్లు చూసి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ నొక్కుతారు. పద్ధతి మారినా చేసే పని కొలవడమే.

హారన్ సంగతి ఇంకా బాగుంటుంది. స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే రైలు హారన్ దగ్గరికి వచ్చేటప్పుడు హెచ్చు స్వరంలో, దాటి వెళ్లాక తగ్గు స్వరంలో వినిపిస్తుంది. ఇది డాప్లర్ ప్రభావం. పాఠ్యపుస్తకాలు రైలునే ఉదాహరణగా చెప్పడం కాకతాళీయం కాదు. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1845లో ఈ సిద్ధాంతాన్ని పరీక్షించింది రైలుతోనే. ఊట్రెక్ట్ దగ్గర రైలు బండి మీద బూరలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టాడు. ఆయన దగ్గర స్వరాన్ని కొలిచే యంత్రం లేదు, సంగీతకారుల చెవులే యంత్రాలు. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఆ పని చేసే మైకు ఉంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో రైలు దాటితే రెండు స్వరాల నిష్పత్తి సుమారు 1.2 వస్తుంది. మన సంగీతంలో చెప్పాలంటే సాధారణ గాంధారం నుంచి షడ్జానికి దిగినంత తేడా. రికార్డు చేసిన రెండు పౌనఃపున్యాల తేడాను వాటి మొత్తంతో భాగించి, ధ్వని వేగంతో గుణిస్తే రైలు వేగం తెలిసిపోతుంది. పదో తరగతి పిల్లవాడు ప్లాట్‌ఫాం మీద నిలబడి చేయగల ప్రయోగం ఇది. ఎన్ని బడులు చేయిస్తున్నాయన్నది వేరే సంగతి.

కొందరు రైలు ప్రియులు కళ్లు మూసుకుని కూడా ఇంజన్‌ను గుర్తుపడతారు. డబ్ల్యూఏపీ-7 రకం విద్యుత్ ఇంజన్ కదిలేటప్పుడు ఒక సన్నని కూత వినిపిస్తుంది. లోపల కన్వర్టర్‌లోని స్విచ్‌లు సెకనుకు వందలసార్లు తెరుచుకుని మూసుకోవడం వల్ల పుట్టే స్వరం అది. పాత ఇంజన్లలోని జీటీవో థైరిస్టర్ల కూత ఒక రకం, తర్వాత వచ్చిన ఐజీబీటీల కూత ఇంకో రకం. పవర్ ఎలక్ట్రానిక్స్ పుస్తకం తెరవకముందే చెవి ఆ తేడా పట్టేస్తుంది. కారణం ఏమిటని అడిగిన రోజున పుస్తకం తెరవక తప్పదు.

ఇప్పుడు అసలు తొందర దేనికో చెప్పుకోవాలి. మన బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 95 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. దేశానికి మంచిదే, ఇందులో వాదన ఏమీ లేదు. కానీ దాంతో పాటు డీజిల్ ఇంజన్ల కాలం ముగుస్తోంది. అందులోనూ ఆల్కో ఇంజన్లది. డబ్ల్యూడీఎం-2 అనే 2,600 అశ్వశక్తి ఇంజన్ 1962లో అమెరికా నుంచి వచ్చింది. 1964 నుంచి వారణాసిలో తయారైంది. దాన్ని రూపొందించిన ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానేసింది. మనవాళ్లు మాత్రం ఆ ఒక్క రకాన్నే రెండున్నర వేలకు పైగా చేశారు, దాని మీద మార్పులు చేసి కొత్త రకాలూ తెచ్చారు. రెండు మూడు తరాల తెలుగువాళ్లు పెళ్లిళ్లకూ పరీక్షలకూ ఉద్యోగాలకూ వెళ్లింది దీని వెనకే. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్ల పేర్లు రాసి ఉన్న ఈ ఇంజన్లను గుర్తుపట్టని ప్రయాణికుడు ఉండేవాడు కాదు.

ఆల్కో అనగానే గుర్తొచ్చేది నల్లపొగ. లోకో పైలట్ నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువగా వెళుతుంది. గాలిని నెట్టే టర్బో మాత్రం వెంటనే వేగం అందుకోలేదు. అది తిరిగేది ఇంజన్ వదిలే వేడి వాయువులతో. పైగా దాని చక్రానికి జడత్వం ఉంది. ఆ కొద్ది సెకన్లు గాలి చాలక, ఇంధనం పూర్తిగా కాలక మసి బయటికి వస్తుంది. తర్వాత వచ్చిన ఈఎండీ రకం ఇంజన్లలో వేగం తక్కువగా ఉన్నప్పుడు టర్బోను గేర్లు తిప్పుతాయి కాబట్టి అంత పొగ కనిపించదు. పర్యావరణం దృష్టితో చూస్తే ఆల్కో పొగకు నివాళి అక్కర్లేదు. అయితే ఆ ఇంజన్ ఎలా ఊపిరి పీల్చింది, బరువు లాగేటప్పుడు ఏ నాచ్‌లో ఎలా కూసింది, ఎత్తు ఎక్కేటప్పుడు పైలట్ దాన్ని ఎలా మచ్చిక చేసుకున్నాడు అన్నవి ఈ దేశ సాంకేతిక చరిత్రలో భాగం. ఒక ఇంజన్‌కు రంగులు వేసి ఆఫీసు ముందు పీఠం మీద నిలబెడితే దాని ఒళ్లు మిగులుతుంది, పనితీరు మిగలదు. ఆ పనితీరులో కొంత ఇవాళ రైలు ప్రియుల ఫోన్లలో, హార్డ్‌డిస్కుల్లో ఉంది. ఎవరి ఫోన్ ఎప్పుడు పాడవుతుందో తెలియదు.

అభిమానుల చేత పెద్ద పని చేయించుకున్న చరిత్ర మన రైల్వేకు ఉంది. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం 1977లో తెరుచుకుంది. అందులో ఏ ఇంజన్లు ఉండాలో సలహా ఇచ్చిన మైఖేల్ సాటో రైల్వే ఉద్యోగి కాదు. ఐసీఐ కంపెనీలో పనిచేస్తూ భారతదేశంలో ఉన్న బ్రిటిష్ రైలు ప్రియుడు. ఒక మనిషి అభిరుచి వల్ల పాత ఇనుము కాబోయినవి జాతి సంపద అయ్యాయి. వేల్స్‌లో మూతపడబోయిన టాలిలిన్ రైలు మార్గాన్ని 1951 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. పుణెలో భావుసాహెబ్ జోషి తన జీవితకాలపు అభిరుచితో కట్టిన చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి పిల్లలకు సిగ్నళ్లు, పట్టాలు మార్చే పాయింట్లు ఎలా పనిచేస్తాయో చూపిస్తోంది.

వీటన్నిటిలో విచిత్రమైన కథ అమెరికాలోని ఎంఐటీది. అక్కడి విద్యార్థులు 1946లో బొమ్మ రైళ్ల క్లబ్బు పెట్టుకున్నారు. కొందరికి బొమ్మ రైళ్ల మీద ఇష్టం. ఇంకొందరికి బల్ల కింద ఉన్న వైర్లు, టెలిఫోన్ రిలేల మీద ఇష్టం. ఎన్ని రైళ్లు ఒకేసారి ఢీకొనకుండా నడపగలమన్న సమస్య కోసం వాళ్లు చేసిన తర్కమే కంప్యూటర్ తర్కం. ఆ బల్ల కింది బృందంలోని వాళ్లే తర్వాత విశ్వవిద్యాలయపు తొలి కంప్యూటర్ల దగ్గర రాత్రిళ్లు గడిపారు. 1962 నాటి 'స్పేస్‌వార్' ఆట వెనక ఈ క్లబ్బు సభ్యులున్నారు. 'హ్యాకర్' అనే మాట కంప్యూటర్ ప్రపంచంలోకి వచ్చిందీ వీళ్ల నుంచే.

రైల్వే వైపు నుంచి చూస్తే అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. వంతెనలు, యార్డులు భద్రతకు సంబంధించినవి. పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఆ సెక్షన్ ఉండాల్సిందే. వీడియో కోసం పట్టాల అంచున నిలబడేవాడిని రైలు ప్రియుడు అనకూడదు. అతనికి బ్రేకింగ్ దూరం అంటే తెలియదని అర్థం. గంటకు వంద కిలోమీటర్లతో వచ్చే రైలు మనిషిని చూసి ఆగలేదు.

క్లబ్బుల తప్పూ ఉంది. ఇవాళ చాలామంది సేకరిస్తున్నది హారన్ వీడియోలే. తేదీ ఉండదు, స్థలం ఉండదు, వెనక ఎన్ని పెట్టెలున్నాయో ఉండదు. పైగా సంగీతం కలిపేస్తారు. అలాంటి వీడియో యాభై ఏళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. పాతకాలపు నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకుని రాసినవాడే నయం. ఇంకో వెలితి, ప్లాట్‌ఫాం చివర ఆడపిల్లలు దాదాపు కనిపించరు. చీకటిపడే వేళ, నిర్మానుష్యమైన చోట, పోలీసు ప్రశ్నల మధ్య నిలబడాల్సిన అభిరుచి వాళ్లదాకా రావడం కష్టం.

ఈ రెండు చిక్కులకూ మందు ఒకటే, తలుపు తెరవడం. షెడ్డుల్లో నెలకో రోజు, పేర్లు నమోదు చేసుకున్న క్లబ్బు సభ్యులనూ దగ్గరి కాలేజీల విద్యార్థులనూ అధికారుల వెంట లోపలికి రానిస్తే చాటుగా నిలబడే అవసరం ఉండదు. బదులుగా క్లబ్బుల నుంచి రైల్వే అడగాల్సింది క్రమశిక్షణతో రాసిన రికార్డు: ఇంజన్ నంబరు, తేదీ, చోటు, బరువు, వేగం, ధ్వని. రిటైరైన లోకో పైలట్ల అనుభవాలను వాళ్ల మాటల్లోనే, తెలుగులోనే, రికార్డు చేసే పని కూడా ఈ కుర్రాళ్లకు అప్పగించవచ్చు. వాళ్లు ఎలాగూ ఆ పెద్దలను వెతుక్కుంటూ వెళుతూనే ఉంటారు.

మరమ్మతు చేసిన డీజిల్ ఇంజన్‌ను బయటికి పంపే ముందు షెడ్డులో లోడ్ బాక్స్ పరీక్ష చేస్తారు. ఇంజన్ కదలదు. అది చేసే కరెంటును పెద్ద నిరోధాల్లోకి పంపి వేడిగా మారుస్తూ, నాచ్‌లు పెంచుతూ పూర్తి శక్తిదాకా తీసుకెళతారు. మిగిలి ఉన్న ఆల్కోల్లో ఒకదానికి అలాంటి పరీక్ష జరిగే రోజున నాలుగు మైకులు, ఒక థర్మల్ కెమెరా, నోటు పుస్తకాలతో పదిమంది పిల్లలు పసుపు గీత ఇవతల నిలబడటానికి కావలసింది ఒక సంతకం.