కోత, సిలాయి, డెవలప్‌మెంట్
2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిషు మీడియం వచ్చాక, అనంతగిరి చుట్టుపక్కల పిల్లలకూ డెవలప్‌కు డెవలప్‌మెంట్, అరైవ్‌కు అరైవల్, డిసైడ్‌కు డిసిషన్ అనే పట్టిక తప్పడం లేదు. పట్టిక ఉండనీయండి, పాఠం మాత్రం దానితో మొదలవకూడదు. క్రియకు ప్రత్యయం తగిలించి నామవాచకం చేయడం ఆ పిల్లలకు మాటలతోపాటే వచ్చేసింది. తాండూరు నాపరాయిని కోస్తే కోత, కంది పండితే పంట, కబడ్డీలో గెలిస్తే గెలుపు. ఉర్దూ వినబడే ఇళ్లలోనైతే సీనాకు సిలాయి, లడ్నాకు లడాయి (ఈ రెండోది బడిలోనే ఎక్కువ వినబడుతుందనుకోండి). చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలా క్రియల నుంచి పుట్టే మాటలకు, అంటే కృదంతాలకు, ఒక పరిచ్ఛేదమే ఇచ్చారు. కోయుకు ‘త’, గెలుచుకు ‘పు’ ఎందుకో పిల్లవాడు అడగడు, వాడుకలో పట్టేస్తాడు. ఇంగ్లిషులో మెంట్, షన్, అల్ లాటిన్ మూలాలవి, ఎక్కువగా ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ‘ఇంగ్’ మాత్రం ఇంగ్లిషు సొంతం, మన ‘డం’లాగే దాదాపు ప్రతి క్రియకూ అతుకుతుంది. ‘చదవడం’ నుంచి ‘రీడింగ్’కు, అక్కడి నుంచి మెంట్, షన్‌లకు నడిపించే టీచరుకే నా ఓటు.