ఒకే బొగ్గు, రెండు న్యాయాలు

మొన్న సోమలలో బంధువుల ఇంటికి వెళ్తే, కాలేజీ చదివే అమ్మాయి ముఖానికి నల్లటి పూత వేసుకుని కనిపించింది. ట్యూబు మీద ‘చార్‌కోల్ ఫేస్ మాస్క్’ అని ఉంది. ఆ వారంలోనే కుప్పం దగ్గర పల్లెలో అగరబత్తులు చుట్టే ఒకామెతో ఈ మాట చెప్పాను. మోచేతుల దాకా నల్లబడిన చేతులు చూపించి నవ్విందామె. “మాకు ఊరికే అంటుకుంటా ఉంది కదక్కా, దానికి దుడ్లిచ్చి కొనల్లా?”

నవ్వేసి ఊరుకోదగ్గ ప్రశ్న కాదిది.

అగరబత్తికి ఆ నలుపు కర్రబొగ్గు పొడి వల్ల వస్తుంది. నరమామిడి వంటి చెట్ల బెరడు నుంచి చేసే జిగురు పొడిని దానిలో కలిపి, నీళ్లతో ముద్ద చేసి, వెదురు పుల్లకు చుడతారు. యంత్రాలు వచ్చాక చేతిపని తగ్గింది గానీ పోలేదు. కూలి వెయ్యి పుల్లల లెక్కన. పొడి జల్లించడం, కలపడం, ఆరబెట్టడం ఆ కూలిలోనే కలిసిపోతాయి. పొడి లేచేది మాత్రం వంటా, నిద్రా, పిల్లల చదువూ సాగే ఆ ఒక్క గదిలోనే.

సౌందర్య సాధనాల్లో వాడే బొగ్గు కూడా కర్ర నుంచో, కొబ్బరి చిప్ప నుంచో వచ్చిందే. బాగా వేడిచేసి, ఆవిరి పట్టించి, దానిలో సూక్ష్మ రంధ్రాలు ఏర్పడేలా చేస్తారు. కొన్ని రకాల విషం మింగినవారికి ఆసుపత్రిలో తాగించేది ఈ రకం బొగ్గే. అంతమాత్రాన అది ముఖాన్ని తెల్లబరుస్తుందనడం వ్యాపారం. బొగ్గు కలిపిన టూత్‌పేస్టుల మేలును, భద్రతను నిరూపించే ఆధారాలు చాలవని 2017లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. మన అమ్మమ్మలు బొగ్గుతో పళ్లు తోముకుంటే మోటుతనమన్నారు. అదే బొగ్గు ట్యూబులోకి ఎక్కేసరికి నాగరికత అయింది! తెల్లగా ఉండాలన్న భయాన్ని ఆడపిల్లల్లో నాటినవాళ్లే దానికి మందు అమ్ముతున్నారు.

అయినా ఆ అమ్మాయికి ఒక రక్షణ ఉంది. 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ఆ ట్యూబు మీద అందులో ఏమేమి కలిపారో రాసి తీరాలి. మరి పల్లెలో దిగే బొగ్గుపొడి మూటకు చీటీ ఏది? దాన్ని జాగ్రత్తగా వాడే పద్ధతి ఎవరు చెప్పాలి?

జాగ్రత్తలు లేకపోలేదు. పొడిని ఆరుబయట, గాలి వాలు చూసుకుని కలపాలి. ముందే తడిపితే దుమ్ము లేవదు. పొయ్యి దగ్గర మూట ఉంచకూడదు, బొగ్గుపొడి సులువుగా అంటుకుంటుంది. చీరకొంగు సన్నని దుమ్మును ఆపలేదు, అందుకు తగిన మాస్కు కావాలి. కానీ ఆ మాస్కు ఎవరు కొనాలి? ఆరుబయట చోటు ఎవరికి ఉంది? జాగ్రత్తల భారమంతా ఆమె నెత్తిన పెట్టి, లాభం మరొకరు పట్టుకుపోతే దాన్ని భద్రత అనలేం.

ఇంటి దగ్గర చేసే పనికి కూడా పని భద్రతా చట్టాలు వర్తించాలని, కొన్ని పదార్థాలను ఇళ్లలో వాడకుండా నిషేధించే వీలుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికలో చెప్పింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. ఇళ్లలో బీడీలు చుట్టేవారిని 1966 చట్టం కార్మికులుగా గుర్తించింది. పుల్ల చుట్టే చేతులకు ఆ గుర్తింపు ఎందుకు ఉండకూడదు? సరుకు ఇచ్చేవాడే మాస్కు ఇవ్వాలి, మూట మీద హెచ్చరిక రాయాలి, పొడి కలపడానికి ఊరిలో ఒక షెడ్డు ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

కొనే చర్మానికి ఉన్న విలువ చేసే ఊపిరికీ ఉండాలి. అడుగుతున్నది అంతే.