అరుపులు శిక్షణ కాదు

సర్జరీ పీజీలో చేరిన మీ అమ్మాయి అర్ధరాత్రి ఫోన్ చేసి ‘ఇక నావల్ల కాదు నాన్నా’ అంటే ఏమంటారు? ‘సీటు రావడమే గొప్ప, మూడేళ్లు ఓర్చుకో’ అనే కదా!

ఆమె బాధ చదువు గురించి కాకపోవచ్చు. థియేటర్‌లో రిట్రాక్టర్ కాస్త జారితే వేళ్ల మీద ఫోర్సెప్స్‌తో కొట్టడం, రోగుల ముందే తిట్టడం, శిక్షగా వరుస డ్యూటీలు వేయడం, ‘ఆడపిల్లలకు సర్జరీ ఎందుకు’ అని ఎగతాళి చేయడం... ఇవన్నీ మేమూ చూశాం. ‘మేం పడలేదా?’ అంటూ తర్వాతివారిని అలాగే వేధించినవాళ్లూ మాలో ఉన్నారు.

ఇది డాక్టర్ల ఇంటి గొడవ అనుకోకండి. కుట్లు వేసేముందు, రక్తం అద్దే గుడ్డల లెక్కలో తేడాను ఒక్కోసారి ముందుగా గమనించేది ఆ జూనియరే. తిట్లకు భయపడి నోరు మెదపకపోతే నష్టపోయేది రోగి.

రెసిడెంట్లకు సాధారణంగా వారానికి 48 గంటలు మించి డ్యూటీ ఉండకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దని, వారానికో సెలవు ఇవ్వాలని సూచించింది. అమలు చేయాల్సింది యూనిట్ చీఫ్‌లు, ప్రిన్సిపాళ్లే.

తప్పు దిద్దడం గురువు బాధ్యత. అవమానించడం కాదు. మీ బిడ్డ చెబుతుంటే సలహాలు ఆపి, ముందు వినండి. వేధింపులైతే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కు, మనసు కుంగితే టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. సీటు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. బిడ్డను తెచ్చుకోలేం.